గజ్జల్లో బిళ్ల ఎందుకు కడుతుంది?

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. ఆమె ఎనిమిదేళ్ళ కొడుకు పొలం గట్టు మీద ఆడుకుంటూ ఉంటే కుడి అరికాల్లో తుమ్మముల్లు దిగిందట. మామగారు పిన్నీసుతో ముల్లు తీసి, ఆ చోట కాస్త సున్నం అద్దారట. మూడోనాటికి పాదం వాచింది. గజ్జల్లో రేగిపండంత బిళ్ల కట్టింది. రాత్రికి ఒళ్ళు వెచ్చబడింది. ఇక ఆమె మాటల్లోనే చెబుతాను: "ముల్లు గుచ్చుకున్నది పాదంలో కదా, గజ్జల్లో బిళ్ల ఎందుకు కట్టింది డాక్టరుగారూ? ఆముదం రాసి నలిపితే కరిగిపోతుందని పక్కింటి పిన్నిగారు అంటున్నారు. మా వాడికి రోగ నిరోధక శక్తి తక్కువగా ఉందని మందుల షాపు అతను ఒక టానిక్ ఇచ్చాడు. పట్టించమంటారా? టి.టి. ఇంజక్షన్ ఆరు నెలల క్రితమే చేయించాం, మళ్ళీ చేయించాలా? మా మామగారేమో, డెబ్బై ఏళ్ళు చెప్పులు లేకుండా తిరిగాను, నాకేమయింది అంటారు."

ఒక్క ముల్లు మీద ఇన్ని ప్రశ్నలు! కాని అన్నీ అడగవలసినవే. ముందుగా ఒక్క మాట. అమ్మా, ఆ బిళ్లను నలపకండి. ఆముదం రాయవద్దు. కాపడం పెట్టి కరిగించే ప్రయత్నం అసలే వద్దు. బిళ్ల కట్టడం జబ్బు కాదు. మీ వాడి ఒంట్లో జరగవలసిన పని సక్రమంగా జరుగుతున్నదనడానికి అది గుర్తు. ఆ పని ఏమిటో తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

మన చర్మం చిరగనంత కాలం దాని మీద లక్షలాది సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నా మనకు ఏ హానీ జరగదు. కన్నీటిలో, ఉమ్మిలో కొన్ని సూక్ష్మజీవులను చంపే పదార్థం ఉంది. కడుపులో ఆమ్లం ఉంది. వీటి సంగతి మరోసారి చెప్పుకుందాం. ముల్లు దిగిందంటే చర్మం చిరిగిందన్నమాటే. ముల్లుతోపాటు మట్టి, మట్టిలోని సూక్ష్మజీవులు లోపలికి పోయాయి.

ఊళ్ళో గడ్డివామి అంటుకుంటే ఏం జరుగుతుంది? ముందు చూసినవాడు కేక పెడతాడు. చుట్టుపక్కలవాళ్ళు బిందెలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. అంతా తొక్కిసలాటగా ఉంటుంది. ముల్లు దిగిన చోట జరిగేదీ ఇంచుమించు అదే. అక్కడి కణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. అదే కేక. దానితో అక్కడి సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం ఎక్కువగా చేరుతుంది, అందుకే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. నాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది, అదే వాపు. నరాలు రేగుతాయి, అదే నొప్పి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అనే ఈ నాలుగు లక్షణాలనూ రోమ్ దేశంలో సెల్సస్ అనే ఆయన దాదాపు రెండువేల ఏళ్ళ క్రితమే కలిపి చెప్పాడు. అవి ఎందుకొస్తాయో మాత్రం ఆయనకు తెలియదు.

అది తెలియడానికి కూడా ఒక ముల్లే కారణమైందంటే మీరు ఆశ్చర్యపోతారు. 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనా పట్టణంలో మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు సముద్రపు నక్షత్రచేప పిల్లలను సూక్ష్మదర్శినిలో చూస్తూ ఉండేవాడు. ఆ పిల్లలు గాజులా పారదర్శకంగా ఉంటాయి, లోపల కదిలే కణాలు కూడా కనిపిస్తాయి. పెరట్లోంచి గులాబి ముల్లు ఒకటి తెచ్చి, ఒక పిల్లకు గుచ్చి ఊరుకున్నాడు. తెల్లవారి లేచి చూసేసరికి ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. శరీరంలో తిరుగాడే కణాలే బయటినుంచి వచ్చిన వాటిని చుట్టుముట్టి మింగి శరీరాన్ని కాపాడతాయన్న సంగతి అలా బయటపడింది. అందుకే 1908లో ఆయనకు మరో శాస్త్రజ్ఞునితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

మనలో ఆ మింగే పని ముఖ్యంగా తెల్ల రక్తకణాలది. వాటిలో ఎక్కువ సంఖ్యలో ఉండేవి న్యూట్రోఫిల్స్. రక్తపరీక్ష కాగితం మీద ఈ పేరు మీరు చూసే ఉంటారు. మన ఎముకల్లోని మూలుగ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది. అవి బతికేది చాలా కొద్దికాలం. గాయం దగ్గరికి వచ్చి, సూక్ష్మజీవులను మింగి, తామూ చస్తాయి. పుండులో పట్టే చీములో అధికభాగం ఈ చచ్చిన కణాలే. మధుమేహం అదుపులో లేనివారిలో ఈ కణాలు చురుకు తగ్గి మందకొడిగా ఉంటాయి. షుగరు ఉన్నవారు పాదాలకు దెబ్బ తగలకుండా చూసుకోమని మేము పదేపదే పోరేది అందుకే.

ఇక బిళ్ల సంగతి. మన ఒంట్లో రక్తనాళాలు కాకుండా మరొకరకం సన్నని కాలువలున్నాయి. కణాల మధ్య ఊరిన నీటిని పోగుచేసి తిరిగి రక్తంలో కలపడం వాటి పని. దారిలో అక్కడక్కడా చిక్కుడు గింజల్లాంటి చిన్న గ్రంథులుంటాయి. శరీరం మొత్తం మీద అవి కొన్ని వందలు. వాటినే లింఫు గ్రంథులంటారు. పాదం నుంచి వచ్చే కాలువ గజ్జల్లోని గ్రంథుల గుండా పోతుంది. చేతినుంచి వచ్చేది చంకలోకి, గొంతునుంచి, పళ్ళనుంచి వచ్చేది దవడ కిందికి, మెడలోకి పోతుంది. కాబట్టి పాదంలో ముల్లు దిగితే గజ్జల్లోనే బిళ్ల కట్టాలి మరి. చంకలో కట్టిందంటే దానికి వేరే కారణం వెతకాలి.

ఆ గ్రంథిలో జరిగేది చాలా చిత్రమైన సంగతి. గాయం దగ్గర సూక్ష్మజీవిని మింగిన కొన్ని కణాలు దాని ముక్కలను మోసుకుని కాలువ వెంట ఈ గ్రంథికి చేరతాయి. అక్కడ లింఫోసైట్లు అనే కణాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టగలదు. ఒకదానికి తెలిసింది మరొకదానికి తెలియదు. ఆ గుర్తు పుట్టుకతో వచ్చినదేగాని, శత్రువును చూశాక నేర్చుకున్నది కాదు. మోసుకొచ్చిన ముక్కను వరసగా చూపిస్తూ పోతే, ఎక్కడో ఒక కణానికి అది సరిపోతుంది. అంతవరకూ ఏ పనీ లేకుండా తిరుగుతున్న ఆ కణం అప్పుడు ఒకటి రెండై, రెండు నాలుగై వేల సంఖ్యలో పెరుగుతుంది. గ్రంథి ఉబ్బుతుంది. మీ వేలికి రేగిపండులా తగులుతున్నది అదే.

అలా పెరిగిన వాటిలో కొన్ని యాంటీబాడీలు అనే ప్రోటీన్లను తయారుచేసి సెకనుకు వేల సంఖ్యలో రక్తంలోకి వదులుతాయి. అవి పోయి ఆ సూక్ష్మజీవికే అతుక్కుని, దాన్ని మింగే కణాలకు పట్టిస్తాయి. మరికొన్ని లింఫోసైట్లు వైరస్ చేరి పాడైన మన సొంత కణాలనే వెతికి చంపుతాయి. మొదటిసారి ఇదంతా జరగడానికి వారం రోజులు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోపు వచ్చే కొద్దిపాటి జ్వరం కూడా ఆ పనిలో భాగమే. రక్షక కణాలు వదిలిన రసాయనాలు మెదడుకు చేరి ఒంటి వేడిని కాస్త పెంచుతాయి. ఒళ్ళు వెచ్చబడగానే కంగారుపడి మందుల షాపులో యాంటిబయాటిక్ కొని మింగించనక్కరలేదు.

పని పూర్తయ్యాక ఆ కణాల్లో చాలా భాగం చనిపోతాయి. కొన్ని మాత్రం మిగిలిపోతాయి. అవి ఆ శత్రువును మరచిపోవు. ఎంతకాలం గుర్తుంచుకుంటాయి? ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఫారో దీవులున్నాయి. అక్కడ 1781లో తట్టు వ్యాపించింది. మన వైపు కొన్ని జిల్లాల్లో దాన్ని పొంగు అని కూడా అంటారు. ఆ తర్వాత 65 ఏళ్ళు ఆ దీవులకు తట్టు రాలేదు. 1846లో మళ్ళీ వచ్చింది. సుమారు 7800 మంది జనాభాలో ఆరువేల మందికి పైగా మంచం పట్టారు. అక్కడికి వెళ్ళిన పానుం అనే యువ డెన్మార్కు డాక్టరు ఒక సంగతి గమనించాడు. 1781లో చిన్నతనంలో తట్టు వచ్చి, ఇంకా బతికి ఉన్న ముసలివాళ్ళలో ఒక్కరికి కూడా రెండోసారి రాలేదు. మనిషి మరచిపోయినా ఒళ్ళు అరవై అయిదేళ్ళు మరచిపోలేదన్నమాట. ఇదే తట్టుకు ఒక దుర్గుణం కూడా ఉంది. అది వచ్చిన పిల్లల్లో, అంతకుముందు ఇతర జబ్బుల మీద సంపాదించుకున్న జ్ఞాపకం కొంత చెరిగిపోతుందని 2019లో వెలువడిన పరిశోధనలు చూపాయి. "అమ్మవారు పోసి పోతే పిల్లవాడికి మంచిదేలే" అని తట్టు టీకా మానేసేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంతవరకూ చెప్పినది విని, "అయితే ఒకసారి జబ్బు వచ్చి తగ్గితే చాలు, మళ్ళీ రాదన్నమాట" అనుకుంటారేమో. అన్ని జబ్బుల విషయంలోనూ ఇది నిజం కాదు. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇందులో తప్పు నాదే.

1993లో నేను హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజులవి. ఒక ఆదివారం మా పెద్దమ్మగారి ఊరు వెళ్ళాను. ఆవిడ అరికాలికి గుడ్డ కట్టుకుని ఉంది. పశువుల కొట్టంలో తుప్పు పట్టిన మేకు తొక్కిందట. కడిగి పసుపు అద్దానంది. గుడ్డ విప్పి చూశాను. గాయం చిన్నది, పైకి మూసుకుపోయింది, చీము లేదు, వాపు లేదు. "ఏం లేదులే పెద్దమ్మా, మానిపోయింది" అన్నాను. అప్పుడు నేనడగవలసిన ప్రశ్న ఒక్కటే. "నీకు ఎప్పుడైనా ధనుర్వాతం టీకా వేశారా?" అది అడగలేదు. ఆవిడ చేసిన సున్నుండలు తిని వచ్చేశాను.

వారం తిరక్కుండా కబురొచ్చింది. పెద్దమ్మకు నోరు తెరుచుకోవడం లేదు, మెడ బిగుసుకుపోతున్నది. మా ఆసుపత్రికే తెచ్చారు. ధనుర్వాతం వార్డు ఎప్పుడైనా చూశారా? కిటికీలకు నల్ల తెరలు. గట్టిగా మాట్లాడకూడదు. గ్లాసు కింద పడిన చప్పుడుకు కూడా రోగి ఒళ్ళు విల్లులా వంగిపోతుంది. జబ్బుకు ఆ పేరు రావడానికి కారణం అదే. తెలివి మాత్రం ఉంటుంది, నొప్పంతా తెలుస్తూనే ఉంటుంది. పక్క మంచం మీది ఇరవయ్యేళ్ళ కుర్రవాడు నాలుగో రోజున పోయాడు. మా పెద్దమ్మ నెలరోజులకు పైగా పోరాడి బతికింది.

ఇంటికి పంపే రోజున మా ప్రొఫెసరుగారు టీకా రెండో డోసు వేయించమన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "జబ్బు వచ్చి పోయిందిగా నాయనా, ఇంకా ఈ సూది ఎందుకు? మాకు అమ్మవారు ఒకసారి పోస్తే మళ్ళీ పోసేదా?" అంది. చదువుకోని ఆవిడ అడిగిన ఆ ప్రశ్న చాలా తెలివైనది. దానికి జవాబు చెప్పడానికి నాకే కాసేపు పట్టింది.

ధనుర్వాతాన్ని కలిగించేది సూక్ష్మజీవి ఒంటి నిండా వ్యాపించడం కాదు, అది తయారుచేసే విషం. ఈ క్రిమి విత్తులు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ళ తరబడి ఉంటాయి. గాలి ఆడని లోతైన గాయంలో మొలకెత్తుతాయి. అందుకే వెడల్పాటి కోత కంటే, పైకి మూసుకుపోయిన మేకు గాయం ప్రమాదం. ఆ విషం ఎంత తీవ్రమైనదంటే ఒక మనిషిని చంపడానికి మిల్లీగ్రాములో వెయ్యో వంతు కూడా అక్కరలేదు. అంత కొద్ది పరిమాణం లింఫు గ్రంథిలోని కణాల దృష్టికే రాదు. అది వాటి కంటబడే లోపల నరాల వెంట పాకి వెన్నుపామును చేరుతుంది. మనిషి చావుబతుకుల్లో ఉన్నా ఒళ్ళు మాత్రం ఆ శత్రువు ముఖం చూసి ఎరగదు. కాబట్టి ధనుర్వాతం వచ్చి తగ్గినవారికి మళ్ళీ రావచ్చు. ఈ విషయంలో జబ్బు నేర్పలేని పాఠాన్ని టీకా నేర్పుతుంది. టీకాలో ఉండేది అదే విషం, ఫార్మలిన్‌తో దాని శక్తి తీసేసి, ఆకారం మాత్రం ఉంచుతారు. కోరలు పీకిన పాము వంటిది. దాన్ని ఎక్కువ పరిమాణంలో, ఒకటికి మూడుసార్లు చూపిస్తే కణాలు గుర్తుపెట్టుకుంటాయి. ఇలా చెబితే పెద్దమ్మ విని, "అయితే పొడువు" అని చెయ్యి చాచింది.

ఆసుపత్రిలో చేరిన రోజున ఆవిడకు ఇచ్చిన మరో ఇంజక్షను వేరు. అందులో సిద్ధంగా తయారైన యాంటీబాడీలు ఉంటాయి. ఒకరి ఒంట్లో తయారైన రక్షణను మరొకరికి ఇవ్వవచ్చునని 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఇది వెంటనే పనిచేస్తుంది, కాని కొన్ని వారాలకే తరిగిపోతుంది. వండిపెట్టిన అన్నం వంటిది, పూటకు సరిపోతుంది. టీకా వంట నేర్పడం. పిచ్చికుక్క కరిచి చర్మం చిరిగి రక్తం వచ్చినప్పుడు గాయం చుట్టూ ఒక మందు, చేతికి మరొక మందు ఇచ్చేది కూడా ఇందుకే. రెండింటిలో ఒకటి చాలునని మానేయకూడదు.

ప్రకృతి కూడా ఈ వండిపెట్టే పద్ధతిని వాడుతుంది. గర్భం చివరి మూడు నెలల్లో తల్లి యాంటీబాడీలు బిడ్డకు చేరతాయి. అందుకే గర్భిణికి వేసిన ధనుర్వాతం టీకా పుట్టబోయే బిడ్డనూ కాపాడుతుంది. బొడ్డు కోసిన చోట ధనుర్వాతం సోకి పసికందులు చనిపోవడం ఒకప్పుడు మన పల్లెల్లో మామూలు. ఆ బెడద మన దేశంలో అదుపులోకి వచ్చిందని 2015లో ధ్రువీకరించారు. కాన్పయిన వెంటనే వచ్చే ముర్రుపాలలోనూ రక్షణ ఉంది, వాటిని పిండి పారబోయకండి. ఆవుదూడ సంగతి మరీ విచిత్రం. కడుపులో ఉండగా తల్లినుంచి దానికి యాంటీబాడీలు దాదాపు ఏమీ చేరవు. పుట్టిన మొదటి రోజున తాగే పాలలోంచే అది వాటిని గ్రహించాలి. ఒక రోజు దాటితే దాని పేగు వాటిని లోపలికి రానివ్వదు. జున్ను మీద ఆశతో ఆ పాలన్నీ పిండుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. నాకూ జున్నంటే ఇష్టమే. దూడ కడుపు నిండాక మిగిలితే చూసుకుందాం.

ఇక టి.టి. విషయం. ఆరు నెలలకే దాని బలం పోతుందని మన వైపు ఒక నమ్మకం పాతుకుపోయింది. గీసుకున్న ప్రతిసారీ ఇంజక్షను చేయించుకునేవారు నాకు తెలుసు. ఇది అనవసరం. మరీ తరచుగా వేయించుకుంటే చెయ్యి వాచి రెండు రోజులు పైకెత్తలేరు. చిన్నతనంలో టీకాలన్నీ పూర్తయినవారికి, శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసుకు పదేళ్ళు దాటితేనే మళ్ళీ అవసరం. మట్టి, పేడ అంటిన లోతైన గాయమైతే అయిదేళ్ళు దాటాక చాలు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో టి.టి. బదులు టి.డి. ఇస్తున్నారు. కంఠసర్పి నుంచి కూడా అది రక్షణ ఇస్తుంది. అమ్మా, మీ వాడి కార్డులో ఒకటిన్నర ఏడు, అయిదేళ్ళ వయసు డోసులు కూడా వేసి ఉంటే, ఈ ముల్లుకు ఏమీ అక్కరలేదు. పదేళ్ళు నిండాక ఒకటి, పదహారేళ్ళకు ఒకటి వేయించండి.

టానిక్ విషయం. షాపులో ఉన్న ఏ సీసా కూడా ఈ కణాలకు కొత్త శత్రువును గుర్తుపట్టడం నేర్పలేదు. పైగా, ఈ శక్తి ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం కూడా పొరపాటు. పుప్పొడికి, దుమ్ముకు అనవసరంగా రేగితే ఉబ్బసం వస్తుంది. సొంత కీళ్ళనే పరాయివిగా అనుకుంటే కీళ్ళవాతం వస్తుంది. ఆ డబ్బుతో పిల్లవాడికి గుడ్లు, పప్పు, పాలు పెట్టండి. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయే పిల్లవాడికి ముల్లు గుచ్చుకుంటే బిళ్ల కట్టిందంటే అతనికి నిరోధక శక్తి తక్కువని ఎవరు చెప్పారు? అది ఉండబట్టే బిళ్ల కట్టింది!

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. పాదాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో బాగా కడగండి. సున్నం, పేడ, కాఫీపొడి ఏదీ పెట్టవద్దు. ముల్లు ముక్క లోపల విరిగి ఉండిపోయిందేమో దగ్గరి ఆసుపత్రిలో చూపించండి, చాలాసార్లు చీము తగ్గకపోవడానికి అదే కారణం. గాయం నుంచి తొడ వైపు ఎర్రటి చార పాకినా, జ్వరం హెచ్చినా, బిళ్ల మెత్తబడి చీము పట్టినా అదే రోజు వెళ్ళాలి. మామూలుగా అయితే గాయం మానాక రెండు మూడు వారాల్లో బిళ్ల దానంతటదే తగ్గుతుంది. ఎక్కడా గాయం లేకుండా, ముఖ్యంగా మెడలో, బిళ్లలు కట్టి మూడు వారాలు దాటినా తగ్గకుండా, రాయిలా గట్టిపడుతూ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం వంటివి ఉంటే మాత్రం క్షయ కావచ్చు, మరొకటి కావచ్చు. పరీక్ష చేయించాలి. మన పెద్దలు గండమాల అన్నది చాలావరకు ఈ క్షయనే.

చివరగా మీ మామగారి సంగతి. మన దేశంలో పిల్లలందరికీ టీకాలు వేసే కార్యక్రమం 1978లో మొదలై, 1985 నుంచి విస్తరించింది. అంతకుముందు పుట్టినవారిలో చాలామందికి చిన్నప్పటి డోసులు లేవు. నేనూ అందులోవాడినే. ఆడవాళ్ళకు గర్భిణిగా ఉన్నప్పుడైనా వేస్తారు, మగవాళ్ళకు ఆ అవకాశమూ లేదు. డెబ్బై ఏళ్ళు చెప్పులు లేకుండా తిరిగితే పాదాల చర్మం గట్టిపడుతుందేగాని, ధనుర్వాతానికి రక్షణ రాదు. మీ ఇంట్లో ముల్లు వల్ల భయపడవలసినది ఎనిమిదేళ్ళ పిల్లవాడి గురించి కాదమ్మా. ఆయనకు నెల ఎడంతో రెండు డోసులు, ఆ తర్వాత ఆరు నెలలు దాటాక, ఏడాది లోపల మూడోది వేయించాలి, పదేళ్ళకొకసారి మళ్ళీ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు తీసుకోరు. పిల్లవాడిని చూపించడానికి వెళ్ళేటప్పుడు, దారి తెలుసు కదా తోడు రండి మామగారూ అని ఆయన్ను కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. టీకా మాట అక్కడికి వెళ్ళాక చెప్పవచ్చు.